ప్రళయ కావేరిలో ఒక పూట



మా చిన్నప్పుడు బడిలో చిత్తూరు జిల్లా పటం గీయమంటే నీలం పెన్సిలుతో మాకు పెద్దగా పని ఉండేది కాదు. కొండలకు గోధుమరంగు, అడవులకు ఆకుపచ్చ, స్వర్ణముఖికి ఒక సన్నని నీలిగీత, అంతే! సముద్రమంతా పక్కనున్న నెల్లూరు జిల్లావాళ్ల సొత్తు. అయితే 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ వైపు ఊళ్లు నెల్లూరు నుంచి వచ్చి ఇందులో కలిశాయి. వాటితోపాటు ఒక పెద్ద సరస్సూ, కొన్ని దీవులూ, సముద్రతీరమూ వచ్చి చేరాయి. తిరుపతి పిల్లలు రాత్రి కొండకింద పడుకుని తెల్లవారి సముద్రపు ఒడ్డున లేచినట్టయింది. చిత్తూరు పిల్లలకు మాత్రం, పాపం, ఇప్పటికీ నీలం పెన్సిలు అరగదు.

ఈ సంగతి మా మేనల్లుడికి తట్టనే లేదు. తిరుపతిలో ఏడవ తరగతి చదువుతున్నాడు. వాడి స్నేహితుడెవడో సెలవులకు అండమాన్ వెళ్లి, పడవెక్కి చేపలు పట్టి వచ్చాడట. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే గోల, "మనమూ దీవికి వెళ్దాం" అని. సంక్రాంతికి నేను వెళ్లినప్పుడు మా చెల్లెలు ఈ పంచాయితీ నా ముందు పెట్టింది.

"అండమాన్ దాకా ఎందుకురా? మీ జిల్లాలోనే దీవి ఉంది కదా!" అన్నాను.

వాడు నమ్మలేదు. పటం తెచ్చి చూపిస్తే నోరు తెరిచాడు.

మరునాడు చీకటితోనే బయలుదేరాము. నేనూ, చెల్లెలూ, బావా, మేనల్లుడూ, నాలుగవ తరగతి చదివే మేనకోడలూ. శ్రీకాళహస్తి మీదుగా తడ చేరి, అక్కడి నుంచి భీములవారిపాళెం రేవుకు వెళ్లాము. ఎదురుగా ఎటు చూసినా నీరే. అదే పులికాట్ సరస్సు. దీనికి తెలుగులో ఎంత గంభీరమైన పేరుందో తెలుసా? ప్రళయ కావేరి! ఇక్కడి దీవుల్లోని బతుకుల మీద స.వెం. రమేశ్ గారు 'ప్రళయకావేరి కథలు' అని ఒక పుస్తకమే రాశారు. మీ అమ్మానాన్నలు చదివి మీకు చెబితే బాగుంటుంది.

ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో ఒడిశాలోని చిలికా మొదటిది. తర్వాత ఇదే. సుమారు 60 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. ఎక్కువ భాగం మన రాష్ట్రంలోనూ, కొంత తమిళనాడులోనూ ఉన్నది. దీనికీ బంగాళాఖాతానికీ మధ్య గోడలాగా పడుకుని ఉన్న ఇసుకదీవే శ్రీహరికోట. ఆ పేరు మీకు కొత్తకాదు. 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్టు ఎగిరిందీ, 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరిందీ అక్కడి నుంచే. అంతకుముందు ఆ దీవి మదరాసుకు వంటచెరకు పంపే అడవి! కట్టెలను పడవల్లో నింపి బకింగ్‌హాం కాలువ మీద తీసుకుపోయేవారు. కట్టెలు పోయిన చోటి నుంచి ఇప్పుడు ఉపగ్రహాలు పోతున్నాయి.

మేము ఎక్కినది షికారు పడవ కాదు. బావకు తెలిసిన ఒక చేపలవాళ్ల కుటుంబం పడవ. నడిపేది ఒక తాత. ఆయనకు సాయం ఎనిమిదవ తరగతి చదివే మనవడు. పడవ అడుగు బల్లపరుపుగా ఉంది. సరస్సు చాలాచోట్ల నడుములోతైనా ఉండదు గనుక, లోతైన అడుగున్న పడవ ఇక్కడ పనికిరాదు. వెనక చిన్న మోటారు. మధ్యలో ఒక పొడుగాటి వెదురు గెడ, చుట్టిపెట్టిన తెరచాప.

"మోటారుండగా తెరచాప ఎందుకు తాతా?" అని అడిగాడు మావాడు.

"ఎందుకో ఒకందుకు పనికొస్తాది లే అబ్బయ్యా" అన్నాడు తాత.

మా చెల్లెలు అందరికీ లైఫ్ జాకెట్లు కట్టేదాకా పడవ కదలనివ్వలేదు. నడుములోతు నీళ్లకు ఇవెందుకని బావ గొణిగాడు. పడవ తిరగబడితే బురదలో కాలు దిగబడిన మనిషికి నడుములోతైనా ప్రమాదమే. తాత కూడా చెల్లెలి వైపే మాట్లాడాడు. బావ మారుమాట లేకుండా కట్టుకున్నాడు.

ఇరకం దీవి వైపు పడవ సాగింది. మేనకోడలు నీళ్లలో వేలు ముంచి నాకి చూసింది. "ఉప్పగానే ఉంది, కానీ రామేశ్వరంలో చూసినంత ఉప్పు లేదు" అన్నది. సరిగ్గా చెప్పింది! సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఈ సరస్సులోకి ఒకవైపు నుంచి సముద్రపు నీరూ, మరొకవైపు నుంచి కాళంగి వంటి ఏళ్ల మంచినీరూ వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలకు ఉప్పు పలచబడుతుంది. మే నెలలో వచ్చి చూస్తే ఉత్తరభాగం ఎండి బీటలు వారి ఉంటుంది. మిగిలిన నీరు సముద్రం కంటే కూడా ఉప్పగా తయారవుతుంది. ఒకే సరస్సుకు ఏడాదిలో ఇన్ని రుచులు!

దూరాన నీటి మీద గులాబిరంగు చార ఒకటి కనిపించింది. దగ్గరికి వెళ్లేకొద్దీ ఆ చారకు కాళ్లు మొలిచాయి. రాజహంసలు! ఫ్లెమింగోలని మీరు పుస్తకాల్లో చదివినవి ఇవే. తల కిందులుగా ముంచి, ముక్కుతో నీళ్లు లాగి, జల్లెడ పట్టినట్టు తిండిని మాత్రం ఉంచుకుని నీటిని వదిలేస్తాయి. ఆ తిండిలో ఉండే నాచూ, చిన్నచిన్న రొయ్యజాతి జీవుల వల్లనే వాటికి ఆ రంగు పడుతుంది. పిల్లలప్పుడు అవి బూడిదరంగులో ఉంటాయి. తాత దూరంగానే మోటారు ఆపేశాడు. దగ్గరికి వెళ్తే బెదిరి లేస్తాయి, లేచిన ప్రతిసారీ వాటి తిండి చెడుతుంది. ఇక్కడికి దగ్గరలోనే దొరవారిసత్రం పక్కన నేలపట్టు ఉన్నది. అక్కడ గూడబాతులు నీళ్లలో నిలబడిన కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. ఆ కథ ఇంకొక నెల చెబుతాను.

ఇక వేట మొదలైంది. తాత మనవడు విసురువలను మోచేతి మీద మడిచి, ఒక కొస పళ్లతో పట్టుకుని, నడుము తిప్పి విసిరాడు. అది గొడుగులాగా విచ్చుకుని గుండ్రంగా నీళ్ల మీద పడింది. అంచునున్న సీసపు గుళ్లు గబగబా కిందికి లాగేశాయి. మావాడూ విసిరాడు. వాడి వల ముద్దలాగా పడింది. రెండవసారి వాడే పడబోయాడు.

మూడు నాలుగు వలలకు కలిపి పడినవి ఇవి: గుప్పెడు రొయ్యలు, రెండు దువ్వెన చేపలు, ఒక పీత. వేలెడంత చేపపిల్లలు కొన్ని పడితే తాత తిరిగి నీళ్లలో వేసేశాడు. మావాడి ముఖం చిన్నబోయింది.

"ఇంతేనా తాతా?"

"మా నాయన కాలంలో ఈ పాటికి బుట్ట నిండేది. ముకదారం పూడిపోతా ఉండాదబ్బయ్యా. ఏం చేస్తాం?"

ముఖద్వారమంటే సరస్సు సముద్రంలో కలిసే నోరు. రాయదొరువు దగ్గర ఒకటి ఉన్నది. దక్షిణాన తమిళనాడులో పళవేర్కాడు దగ్గర మరొకటి. సముద్రపు అలలు ఇసుక తెచ్చి ఈ నోళ్లను మూసేస్తూ ఉంటాయి. మూస్తే ఏమవుతుంది? ఇక్కడ రొయ్య సంగతి తెలియాలి. పెద్దరొయ్య గుడ్లు పెట్టేది సరస్సులో కాదు, సముద్రంలో. పిల్లరొయ్యలు పోటుతో కలిసి సరస్సులోకి వచ్చి, ఈ నెమ్మదైన నీళ్లలో తిని, కొన్ని నెలలు పెరిగి తిరిగి సముద్రానికి పోతాయి. అంటే సరస్సు వాటికి బడివంటిది. బడి వాకిలి మూసేస్తే పిల్లలు ఎలా వస్తారు? అందుకే ఇసుక తవ్వించి నోరు తెరిపించమని ఇక్కడి చేపలవాళ్లు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నారు.

ఆ మనవడి తండ్రి ఇప్పుడు పడవ మీద లేడు. చెన్నైలో కాశిమేడు రేవున వేరేవాళ్ల బోటులో పని చేస్తున్నాడు. నెలకొకసారి ఇంటికి వస్తాడట. ఆ పిల్లవాడు ఈ మాట మామూలుగానే చెప్పాడు. చెప్పి వల దులుపుకున్నాడు.

పళవేర్కాడు వైపు ఊళ్లలో 'పాడు' అని ఒక కట్టుబాటు ఉందని తాత చెప్పాడు. పాడైపోవడం కాదు సుమా! వంతు. చేపలు బాగా పడే చోట్లు కొన్నే ఉంటాయి కనుక, ఊరివాళ్లు చీట్లు వేసుకుని, ఏ రోజు ఎవరు ఏ చోట వల కట్టాలో తేల్చుకుంటారు. బలమున్నవాడు ముందు పోయి మంచి చోటు ఆక్రమించడానికి వీల్లేదు. మీ బడిలో కిటికీ పక్క బెంచీ కోసం కొట్లాడుకునేవాళ్లు ఈ పద్ధతి ప్రయత్నించవచ్చు.

మధ్యాహ్నం కావస్తుండగా తిరుగుముఖం పట్టాము. కాస్త దూరం వచ్చామో లేదో, మోటారు గుర్రుమని ఆగిపోయింది. తాత వంగి చూశాడు. ఎవరో పారేసిన నైలాను వల ముక్క రెక్కలకు చుట్టుకుపోయింది. కత్తితో కోసి తీశాడు గాని, లోపల ఏదో విరిగింది. మోటారు మళ్లీ కదలలేదు. పూర్వం నూలు వలలు నీళ్లలో పారేస్తే కుళ్లిపోయేవి. ఈ నైలాను వలలు ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. మనుషులు వదిలేసినా చేపలను పడుతూనే ఉంటాయి, పడవలను కూడా.

ఈ లోపల పడవ కొట్టుకుపోయి ఒక ఇసుకతిన్నె మీదికి ఎక్కి కూర్చుంది. మేనకోడలు ఏడుపు ముఖం పెట్టింది. చెల్లెలు నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

"దిగి తోద్దాం. అమ్మణ్ణీ, నువ్వు కూకోమ్మా" అన్నాడు తాత. మేము దిగబోతుంటే ఆపి, "చెప్పులు తీయబాకండి, ఆల్చిప్పలు కోస్తాయి. కాలెత్తి వేయబాకండి. ఈడ్చుకుంటా నడవండి" అన్నాడు.

ఎందుకో తెలుసా? బురదలో టేకు చేప పడుకుని ఉంటుంది. పళ్లెంలాగా ఉండే దాని తోకకు విషపుముల్లు. కాలు ఎత్తి దాని మీద వేస్తే పొడుస్తుంది. ఈడ్చుకుంటూ వెళ్తే పక్కనుంచి తగిలి, అదే తప్పుకుంటుంది. మావాడు ఆ పది నిమిషాలూ చీపురుతో ఊడ్చినట్టు నడిచాడు.

పడవ తేలింది. కానీ ఒడ్డు ఇంకా దూరం. అంత దూరం గెడతో తోయాలంటే తాతకు శ్రమ. ఆయన మాత్రం తీరిగ్గా బీడీ తీసి, పిల్లల్ని చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"కూకోండి. రోంత సేపట్లో గాలి తిరుగుద్ది."

కూర్చున్నాము. నీరు అద్దంలాగా కదలకుండా ఉంది. ఎండ చురుక్కుమంటోంది. పులిహోర తిన్నాము. చాలాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత మేనకోడలి జుట్టు కదిలింది. తూర్పు నుంచి, అంటే సముద్రం మీదినుంచి, చల్లని గాలి! తాత తెరచాప విప్పాడు. అది ఉబ్బింది. పడవ చప్పుడు లేకుండా ఒడ్డువైపు పరుగెత్తసాగింది.

"నీకెలా తెలుసు తాతా?" అని అడిగాడు మావాడు. తాత, "రోజూ వచ్చేదేగా" అన్నాడు. ఆ జవాబు మావాడికి చాలలేదు. అందుకని మీరూ చేసి చూడండి. రెండు పళ్లాలు తీసుకుని ఒకదాంట్లో ఇసుక, మరొకదాంట్లో నీళ్లు పోసి ఎండలో పెట్టండి. గంట తర్వాత రెంటిలోనూ వేలు పెట్టండి. ఇసుక కాలుతుంది, నీళ్లు అంతగా వేడెక్కవు. పగలు నేల ఇలాగే త్వరగా వేడెక్కుతుంది. దానిమీది గాలి వేడెక్కి తేలికై పైకి పోతుంది. ఖాళీ అయిన చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లారుతుంది కాబట్టి తెల్లవారుజామున గాలి నేల మీదినుంచి సముద్రానికి పోతుంది. మోటార్లు లేని రోజుల్లో చేపలవాళ్లు తెల్లవారి గాలితో వెళ్లి మధ్యాహ్నపు గాలితో ఇల్లు చేరేవారు. పోనూ రానూ ఖర్చు లేదు!

రేవు చేరేసరికి రెండు దాటింది. మోటారు బాగుకు బావ డబ్బివ్వబోతే తాత పడవ కిరాయి వరకే తీసుకున్నాడు. రొయ్యలు మాకిచ్చాడు. మనవడు మా మేనల్లుడికి ఒక పెద్ద ఆల్చిప్ప ఇచ్చాడు. ఈసారి వస్తే వల సరిగ్గా విసరడం నేర్పుతానన్నాడు. మావాడు వాడికి తన నీలం పెన్సిలు ఇచ్చాడు.

ఆ ఆల్చిప్ప లోపల ఇంకా ఆల్చి ఉందని ఎవరూ చూడలేదు. మూడవనాడు ఇల్లంతా వెతికి, చివరికి బడిసంచిలో దొరికిందని చెల్లెలు ఉత్తరం రాసింది.