అటక మీద నిప్పు

మొన్న తెనాలిలో మా మేనమామ ఇంటి అటక దులిపాం. గంగాళాల వెనక తుప్పు పట్టిన రేకు డబ్బా! మూత తీస్తే సినిమా రీలు. తాతయ్య ఒకప్పుడు టూరింగ్ టాకీస్‌లో ఆపరేటర్ లెండి.

"పారెయ్యరా!" అంది అత్తయ్య.

నాకు గుండె ఝల్లుమంది. 1950ల మొదటిదాకా వాడిన నైట్రేట్ ఫిల్మ్ అయితే? పాడైన రీలు మన వేసవి వేడికే రాజుకోగలదు. అంటుకుందా, నీళ్ళలో ముంచినా ఆరదు. మండడానికి కావలసిన ప్రాణవాయువు దానిలోనే ఉంది మరి. 2003లో పుణెలో ఇలాంటి రీళ్ళే తగలబడి ఎన్నో పాత చిత్రాలు పోయాయి. పైగా ఈ అటక వంటింటి మీద!

అలాగని పారేస్తే? 1932 నాటి మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటే ఇవాళ దొరకదాయె. ఇందులో ఏముందో!

మెల్లగా దించి, పెరట్లో నీడన పెట్టి, పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌కి ఉత్తరం రాశాను. జవాబొచ్చేదాకా స్టవ్వు వెలిగించనంటోంది అత్తయ్య. మూడు రోజులుగా హోటలు భోజనమే!