చెవికీ, చేతికీ, కాలికీ తెలిసే దారి

యెరికో దాటి వెళ్తున్న యేసుప్రభువును దారిపక్కన కూర్చున్న బర్తిమయి కేకవేసి పిలిచాడు. ఊరుకొమ్మని జనం గద్దించారు. కాని ప్రభువు ఆగాడు, అతన్ని పిలవమన్నాడు (మార్కు 10:46-52). ఆ ఆగడంలో ప్రభువు దయను గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. అందులో మరో సంగతి ఉంది. కదిలిపోతున్న గొంతును, అదీ జనం రొదలో, వెంబడించడం చూపులేని మనిషికి ఎంత కష్టమో కళ్లు మూసుకుని నాలుగడుగులు వేస్తే తెలుస్తుంది. పిలిచేవాడు ఒకచోట నిలబడితేనే ఆ దిక్కుకు నడవగలడు. బర్తిమయి చూపు పొందాక రాలేదు. పొందకముందే పైవస్త్రం పారవేసి, లేచి ప్రభువు దగ్గరికి వచ్చాడు.

చూపులేనివారు చెవితో, చేతితో, అరికాలితో నడుస్తారు. పక్కన గోడ ఉంటే అడుగుల చప్పుడు ఒక తీరుగా తిరిగొస్తుంది. గోడ అయిపోయి సందు వస్తే మరో తీరుగా వినబడుతుంది. ఇక చేతికర్ర. చూపు కోల్పోయిన జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫర్ 1921లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో వాహనాలవారికి కనబడాలని తన కర్రకు తెల్లరంగు వేసుకున్నాడు. అంటే ఆ రంగు చూపున్నవారి కోసమే. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన అమెరికా సైనికులకు రిచర్డ్ హూవర్ పొడవాటి కర్రతో నడిచే పద్ధతి నేర్పాడు. కుడికాలు ముందుకు పడుతుండగా కర్ర కొస ఎడమవైపు నేలను తాకాలి. అంటే తర్వాత ఎడమకాలు పడబోయే చోటును కర్ర ముందే తడిమి చెబుతుంది. అక్కడ గుంట ఉందా, మెట్టుందా, మట్టా, సిమెంటా అన్నది చేతికీ తెలుస్తుంది, చప్పుడును బట్టి చెవికీ తెలుస్తుంది. అయితే తలకు తగిలే చెట్టుకొమ్మను, లారీ వెనుక పొడుచుకొచ్చిన ఇనుప కడ్డీని కర్ర పట్టలేదు. ఆ లోటు తీర్చడానికే ఢిల్లీ ఐఐటీ వారి 'స్మార్ట్‌కేన్' 2014లో వచ్చింది. మనిషి చెవికి వినబడని ధ్వనితరంగాలు అడ్డును కనిపెడితే కర్రపిడి చేతిలో అదురుతుంది.

కర్ర నడిచేవాడి చేతిలో ఉంటుంది, సరే. మరి దారి ఎవరి చేతిలో ఉంది? జపాన్‌కు చెందిన సెయిచి మియాకె, చూపు తగ్గిపోతున్న ఒక మిత్రుణ్ని దృష్టిలో పెట్టుకుని 1965లో ఉబ్బెత్తు గుర్తులున్న పలకలు తయారుచేశాడు. 1967లో ఒకయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గర వాటిని తొలిసారి రోడ్డు మీద పరిచారు. నేడు వాడుకలో ఉన్న పలకల్లో పొడుగు గీతలుంటే ముందుకు సాగమని, గుండ్రటి బొడిపెలుంటే జాగ్రత్త, ఆగమని అర్థం. హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో మన కాళ్లకింద ఉన్న పసుపు పలకలు ఆ కుటుంబానివే. అవి అందానికి వేసినవి కావు. వాటిమీద సూట్‌కేసు పెట్టుకుని నిలబడి ఫోన్లో మాట్లాడేవారికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

చూపులేనివాని ముందు అడ్డం వేయవద్దని ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది (లేవీయకాండము 19:14). అతన్ని త్రోవ తప్పించేవానిని శపించింది కూడా (ద్వితీయోపదేశకాండము 27:18). అడ్డం వేసేవాళ్లు దుర్మార్గులే కానక్కరలేదు. ఆదివారం ఉదయం మన చర్చి గేటు చూడండి. దారికి అడ్డంగా మోటారు సైకిళ్లు, గుమ్మం ముందు చెప్పుల గుట్ట. గేటుకు కట్టిన స్పీకర్ల హోరులో కర్ర చప్పుడు మునిగిపోతుంది, వెనుకనుంచి వస్తున్న ఆటో కూడా వినబడదు. దేవుని స్తుతి వీధి చివరిదాకా వినబడాలన్న ఆశ మంచిదే. కాని ఆ వీధిలోనే చెవిని నమ్ముకుని ఒకరు ఆరాధనకు నడిచివస్తున్నారు.

స్వస్థత కూటాల్లో చూపులేనివారిని రెక్కపట్టి వేదికమీదికి తీసుకెళ్లే ఉత్సాహం చాలాచోట్ల కనిపిస్తుంది. కూటం ముగిశాక వారు బస్టాపుకు ఎలా చేరారన్నది ఎవరికీ పట్టదు. ప్రార్థించడం తప్పని మేము చెప్పడం లేదు. బేత్సయిదాలో ప్రభువు కూడా స్వస్థపరిచాడు. అయితే అంతకుముందు ఆ మనిషి చెయ్యి పట్టుకుని ఊరి వెలుపలి దాకా నడిపించాడు (మార్కు 8:23). ఆ కాస్త దూరం గురించి వినేది తక్కువ.

నడిపించడంలోనూ ఒక పద్ధతుంది. వెనుకనుంచి నెట్టకూడదు, కర్ర పట్టుకుని లాగకూడదు. ముందు సాయం కావాలా అని అడగాలి. కావాలంటే మన మోచేతికి కాస్త పైన వారినే పట్టుకోనిచ్చి ఒక అడుగు ముందు నడవాలి. అప్పుడు మన ఒళ్లు తిరిగే తీరునుబట్టి మలుపు వారికి ముందే తెలుస్తుంది. మెట్లు వస్తే ఎక్కేవా, దిగేవా అన్నది నోటితో చెప్పాలి. 'ఇటు', 'అటు' అంటే వారికి ఏమీ తెలియదు, కుడి, ఎడమ అనాలి. కుర్చీలో కూలేయనక్కరలేదు, దాని వీపుమీద వారి చెయ్యి ఆనిస్తే చాలు, వారే కూర్చుంటారు. గేటు దగ్గర నిలబడే సంఘపెద్దలకు ఒక మనవి. నవ్వి తలూపితే ఆ పలకరింపు వారికి అందదు. మీ పేరు చెప్పి వందనాలు అనండి, వారు లోపలికి చేరేదాకా ఆ చోటునుంచి కదలకండి.