నీళ్ల క్యానుకు పిడి: మేలెంత, కీడెంత?

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు మాత్రమే. నల్లమాడ వంటి ఊళ్లలో నీటి ప్రస్తావన వస్తే మొదట దాని కొరతను గురించి, తరువాత దానిలోని ఫ్లోరైడును గురించి మాట్లాడుకుంటాము. ఆ నీటిని ఇంటికి మోసే నడుమును గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఏళ్ల తరబడి నడుమునొప్పితో వచ్చిన స్త్రీలకు నేనూ మాత్రలు రాసి పంపాను గాని, మీ ఇంటికి నీళ్లు ఎవరు తెస్తారని అడిగింది తక్కువ. ఆ లోపాన్ని ఒప్పుకుంటూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ప్లాంటు దగ్గర పట్టుకునే 20 లీటర్ల క్యాను, నీటితో కలిపి 20 కిలోలకు పైమాటే. ఇప్పుడు దాని మెడకు బిగించే ప్లాస్టిక్ పిడి బజారులో దొరుకుతున్నది. సముద్రంలో మునిగి ఈదేవారి గాలి సిలిండరుకు కూడా ఇటువంటి పిడే ఉంటుంది. నీటి అడుగున అది దేనికైనా తగులుకుంటుందన్న భయంతో కొందరు దానిని ఒడ్డు మీదనే తీసివేస్తారు. మన చిక్కు వేరు. మనకు పిడి అవసరమయ్యేది నేల మీదనే. అది కొనదగినదా, కాదా?

పిడి వల్ల మేలున్నదనే నా అభిప్రాయం. అమెరికాలో కార్మికుల ఆరోగ్యాన్ని పరిశీలించే నియోష్ సంస్థ బరువులెత్తడానికి ఒక సూత్రాన్ని రూపొందించింది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు రెండు చేతులతో ఎత్తదగిన గరిష్ఠ బరువు 23 కిలోలు. చేతులు నేలకు దగ్గరయ్యేకొద్దీ, పట్టు కుదరనప్పుడు, బరువు ఒంటికి దూరమైనప్పుడు ఈ పరిమితి తగ్గుతుంది. క్యాను కాళ్లకు ఆనుకొని ఉన్నా, దాని అడుగున చేతులు పెట్టి ఎత్తితే ఈ లెక్క ప్రకారం పరిమితి 16 కిలోలకు పడిపోతుంది. అదే క్యానును మెడ దగ్గర గట్టి పిడితో, రెండు చేతులా ఎత్తితే సుమారు 21 కిలోలు వస్తుంది. పిడి బరువును తగ్గించదు. మనం వంగవలసిన అవసరాన్ని తగ్గిస్తుంది.

కీడు ఎక్కడ మొదలవుతుందంటే, ఎత్తిన తరువాత. పిడి ఉన్నది గదా అని నిండు క్యానును ఒక చేత్తో వేలాడదీసుకొని వీధి వెంట నడుస్తాము. అప్పుడు ఒంటిని నిలబెట్టడానికి రెండోవైపు నడుము కండరాలు బిగుసుకుంటాయి. ఆ బిగువు కూడా బరువుగా మారి వెన్నుపూసల మీదనే పడుతుంది. కెనడాలో స్టువర్ట్ మెక్‌గిల్ బృందం 2013లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, ఒక చేతిలో 30 కిలోలు మోసినప్పటి కంటే రెండు చేతులలో ముప్పయ్యేసి కిలోలు మోసినప్పుడే నడుము మీద ఒత్తిడి తక్కువ. బరువు రెట్టింపైనా సమతూకం నడుమును కాపాడిందన్నమాట. చుట్టకుదురు మీద బిందె పెట్టుకొని నడిచిన మన అవ్వలకు మెడనొప్పి రాలేదని నేననను గాని, నడుము పక్కకు ఒరగని పద్ధతి అది.

కాబట్టి నా సలహా ఇది. పిడిని వాడండి, కాని 20 లీటర్ల క్యానుకు కాదు. పిడి ఉన్న 10 లీటర్ల డబ్బాలు రెండు తీసుకొని చేతికొకటి పట్టుకోండి. నీరు అంతే, ఖర్చులో పెద్ద తేడా లేదు, నడుముకు మాత్రం చాలా తేడా. పెద్ద క్యానే తప్పనిసరైతే ఇద్దరు పట్టండి, లేదా చక్రాల బండి మీద తోయండి. సన్నని పిడి అరచేతిని కోసి వేళ్లకు తిమ్మిరి తెస్తుంది. దానికి గుడ్డ చుట్టండి. మెడ పగిలిన పాత క్యానుకు పిడి బిగించకండి. జారితే పడేది మీ పాదం మీదనే.

కొందరు ఏ పిడితోనూ నిండు క్యాను ఎత్తకూడదు. గర్భిణులు, ఇటీవల కాన్పు లేదా కడుపు ఆపరేషను అయినవారు, గర్భసంచి జారినవారు, హెర్నియా ఉన్నవారు ఈ కోవలోనివారు. మన ప్రాంతంలో వీరికి మరొకరిని చేర్చాలి. ఏళ్లుగా ఫ్లోరైడు నీరు తాగి వెన్ను బిరుసెక్కినవారు. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం చెబుతున్నది. అంతకు మించిన నీటిని దీర్ఘకాలం తాగితే ఎముకలు గట్టిపడి, కీళ్లు బిగుసుకుపోవచ్చు. వంగని వెన్ను బరువుకు తట్టుకోదు. ఆ నీటి నుంచి తప్పించుకోవడానికే మనం ప్లాంటుకు వెళుతున్నాము. ఆ నీటితో ఇప్పటికే దెబ్బతిన్న మనిషి చేతనే మంచినీటిని మోయించడం ఎంత మాత్రం న్యాయం కాదు.

నడుమునొప్పితో పాటు కాలు తిమ్మిరెక్కినా, పాదం పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా పిడి సంగతి పక్కన పెట్టి వెంటనే వైద్యుణ్ణి కలవండి.

చివరిగా ఇంటిలోని మగవారికి ఒక మాట. రేపు ఉదయం క్యాను ఎవరు ఎత్తుతున్నారో ఒకసారి చూడండి. అది మీ తల్లో, భార్యో అయితే, పిడి కొనడానికి ముందు ఆ పని మీరు అందుకోండి.