సంతకం ఒక్కటే మనదా?

మా వదినకు 46 ఏళ్లు, 110 కిలోల బరువు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. బరువు తగ్గించే ఆపరేషను గురించి కనుక్కుందామని ఆమెతో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరుగారు అరగంట మాట్లాడారు, మా అన్నయ్యతో. వదిన ముందుకు వచ్చింది సంతకం పెట్టాల్సిన కాగితం ఒక్కటే. అందులో 'స్లీవ్' అని ముందే రాసి ఉంది.

నేను ఆపరేషనుకు వ్యతిరేకిని కాను. 2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, అయిదేళ్ల తర్వాత మూడు నెలల సగటు షుగరు పరీక్షలో 6 లేదా అంతకు తక్కువ వచ్చినవాళ్లు బైపాస్ చేయించుకున్నవారిలో నూటికి 29 మంది, స్లీవ్‌లో 23 మంది, మందులే వాడినవారిలో 5గురు. బీపీ కూడా చాలామందికి తగ్గుతుంది.

కానీ రెండూ ఒకటి కాదు. స్లీవ్‌లో జీర్ణాశయంలో ముప్పాతిక వంతు కోసి తీసేస్తారు. గుండెమంట పెరగవచ్చు. బైపాస్‌లో చిన్న సంచి మిగిల్చి పేగుకు కలుపుతారు. ఇనుము, బి12, కాల్షియం లోపాలు ఎక్కువ. ఏది చేయించుకున్నా బిళ్లలు, పరీక్షలు జీవితాంతం తప్పవు. మన దేశంలో 57 శాతం స్త్రీలకు రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మరి ఇది చిన్న విషయమా?

ఇంటికొచ్చి ఇవన్నీ చెబితే వదిన అంది: "ఆయన నన్నడిగి ఉంటే చెప్పేదాన్ని కదా, మంటకు రాత్రిళ్లు కూర్చునే నిద్రపోతానని."

ఆ ఒక్క మాటతో ఏ ఆపరేషను అన్నదే మారిపోవచ్చు. శరీరం ఆమెది. వివరాలు ఆమెకే, ఆమె భాషలో, ఆలోచించుకునే వ్యవధితో చెప్పాలి. అంతవరకు ఆ సంతకాన్ని అంగీకారమని మనం ఒప్పుకోకూడదు.