అమ్మమ్మ వాళ్ళమ్మ ఎవరి కూతురు?

ఏడు తరాల తాతముత్తాతల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పే కుటుంబాలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. అదే ఇంట్లో అమ్మమ్మ వాళ్ళమ్మ పేరేమిటి, ఆవిడ ఎవరి కూతురు అని అడిగి చూడండి. చాలాచోట్ల జవాబు ఉండదు. 'ఆ రోజుల్లో ఆడవాళ్ళ పేర్లు ఎవరు రాసిపెట్టారమ్మా' అంటారు. కాలం గడిచేకొద్దీ మరిచిపోవడం సహజమే అయితే తాతల పేర్లు మాత్రం ఎలా మిగిలాయి?

కొన్నేళ్ళుగా నేను మా అమ్మమ్మ తల్లి కోసం వెతుకుతున్నాను. ఆవిడ పురిట్లోనే పోయింది. సవతి తల్లి దగ్గర పెరిగిన అమ్మమ్మకి కన్నతల్లి పేరు గానీ, ఆవిడ పుట్టిల్లు గానీ ఎవరూ చెప్పలేదు. బంధువులు శ్రమపడి అచ్చు వేయించిన వంశవృక్షంలో ముత్తాత పేరు పెద్ద అక్షరాలతో ఉంది. పక్కన 'ప్రథమ కళత్రం' అని రెండు మాటలు. అంతే.

మన సమాజం వంశాన్ని గుర్తుపెట్టుకోవడానికి చాలా ఏర్పాట్లే చేసుకుంది. అన్నీ మగవారి దారినే నడుస్తాయి. తర్పణాలు వదిలేటప్పుడు అమ్మ తల్లి పేరు చెప్తారు. ఆపైన చెప్పేది ఆవిడ తల్లి పేరు కాదు, ఆవిడ అత్తగారి పేరు, ఆ అత్తగారి అత్తగారి పేరు. అంటే అమ్మమ్మ తల్లికి నువ్వులూ నీళ్ళూ వదిలే చోటే లేదు. ఊరూరా తిరిగి ఇంటిపేర్లు, గోత్రాలు చెప్పే వంశరాజుల నోట వచ్చేదీ తండ్రుల వరసే. జనాభా లెక్కల్లో దొరుకుతుందేమో అనుకుంటే, ఇంటింటా పేర్లు రాసుకున్న ఆనాటి కాగితాలను ఈ దేశంలో దాచిపెట్టలేదు. అంకెలు మిగిలాయి, మనుషులు పోయారు.

చివరికి కోస్తాలో ఒక సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆచూకీ దొరికింది. పాత దస్తావేజు నకలు కావాలంటే అక్కడి గుమాస్తా 'ఆస్తి దావా ఏమన్నా ఉందా మేడమ్?' అని అడిగాడు. లేదంటే ఆసక్తి పోయి నన్ను మూడు నెలలు తిప్పాడు. నూరేళ్ళ పైబడిన ఆ దస్తావేజు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం భూమిది. అందులో ఆవిడ పేరుంది. ఫలానా వారి కుమార్తె, ఫలానా వారి భార్య అని ఉంది. ఆవిడ తండ్రి ఎవరో తెలిసింది. తల్లి ఎవరో ఆ కాగితంలోనూ లేదు. నా అన్వేషణ ప్రస్తుతానికి అక్కడే ఆగింది.

దీన్నిబట్టి ఒక సంగతి స్పష్టమైంది. ఆవిడ ఎవరి కూతురో రాయాల్సిన అవసరం ఆవిడకు ఒక ఎకరం ఇచ్చినప్పుడే వచ్చింది. ఆ ఎకరం కూడా లేని లక్షలాది స్త్రీల మాటేమిటి?

1860 నవంబరులో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ కూలీలతో డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా దాదాపు లక్షన్నర మంది ఒప్పంద కూలీలుగా నాటాల్‌కు వెళ్ళారు. వారిలో తెలుగువాళ్ళూ చాలామంది ఉన్నారు. ఓడ జాబితాల్లో కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాశారు. తల్లి పేరుకు గడి లేదు. మన భాష రాని గుమాస్తాలు చెవికి తోచినట్టు రాసుకున్న ఊళ్ళ పేర్లు పట్టుకుని ఆ స్త్రీల మునిమనవరాళ్ళు ఇవాళ మన జిల్లాలకు వస్తున్నారు. భూమి లేని ఆడమనిషి వివరాలు రాసుకోవాల్సి వచ్చింది, ఆమె శ్రమను కొనుక్కున్నప్పుడు మాత్రమే.

ఆడవాళ్ళ పేరుతో వంశం చెప్పుకోవడం మనకు తెలియనిదేమీ కాదు. 18వ శతాబ్దంలో తంజావూరు కవయిత్రి ముద్దుపళని 'రాధికా సాంత్వనం' అవతారికలో తన అవ్వ తంజనాయకి పేరు సగర్వంగా చెప్పుకుంది. జోగినుల పిల్లలకు మాత్రం తల్లి పేరు బళ్ళో చాల్లేదు. దేవదాసీలుగా, జోగినులుగా అంకితం చేయడాన్ని ఆంధ్రప్రదేశ్‌లో 1988 చట్టం నిషేధించింది. కానీ తండ్రి పేరేదని దరఖాస్తు ఫారం అడిగే ప్రశ్న ఆ పిల్లల్ని వదల్లేదు. మా అమ్మమ్మ తల్లికి తల్లి పేరు లేకపోతే ఎవరికీ పట్టలేదు. ఈ పిల్లలకు తండ్రి పేరు లేకపోతే అది వాళ్ళ నేరమైంది. రెండింటి వెనకా ఉన్నది ఒకే పితృస్వామ్యం.

'ఇవన్నీ పాత ముచ్చట్లు కదా' అనే మిత్రులు ఉన్నారు. ఆస్తి తగాదాలతో మన సంఘాలకు వచ్చే స్త్రీలను గుర్తు చేసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణ, దేశమంతటికీ 2005 సవరణ హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చాయి. తండ్రి పోగానే అన్నదమ్ములు తీసుకొచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌లో పెళ్ళయిన ఆడపిల్ల పేరు ఎన్నిసార్లు మాయం కావడం లేదు? పెళ్ళితో ఆమె కాగితాలన్నిటా తండ్రి పేరు పోయి భర్త పేరు చేరుతుంది. నలభై ఏళ్ళ తర్వాత తాను ఆ ఇంటి బిడ్డనేనని ఆమే రుజువు చేసుకోవాలి. వంశవృక్షంలో 'ప్రథమ కళత్రం' అని రాసిన చెయ్యే ఈ సర్టిఫికెట్ కూడా రాస్తోంది.

పోరాటాల వల్ల కొంత కదలిక వచ్చింది. పెళ్ళి కాని తల్లి తండ్రి పేరు వెల్లడించనక్కర్లేదని, ఆమె ప్రమాణపత్రం మీదే బిడ్డకు జనన ధృవీకరణ పత్రం ఇవ్వాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలని 2016లో నిబంధన మారింది. తల్లి ఒక్కతే పెంచుతున్న వారికి పాన్ కార్డులో తండ్రి పేరు తప్పనిసరి కాదని 2018లో అన్నారు. 2024 మే 1 తర్వాత పుట్టిన పిల్లల పేరు పక్కనే తల్లి పేరు రాయాలని మహారాష్ట్ర నిర్ణయించింది. అయితే నిబంధన మారినంత వేగంగా కౌంటరు వెనక కూర్చున్న మనిషి మారడు. ఆ తిరస్కారాలను తేదీతో సహా రాసి పెట్టడం మన పని.

చేయవలసినవి మరికొన్ని ఉన్నాయి. ఆడపిల్లకు పెళ్ళయ్యేలోగానే ఆమె ఎవరి కూతురో చెప్పే జనన ధృవీకరణ, బడి సర్టిఫికెట్లు ఆమె చేతికి ఇప్పించాలి. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ విచారణలో కూతుళ్ళను తప్పనిసరిగా పిలవాలని తహసీల్దార్లను అడగాలి. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' కోసం తెలంగాణ పోరాట స్త్రీల మాటలను వారి నోటనే విని రాసింది. ఆ పద్ధతిలోనే మన సంఘాల్లోని పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడగాలి. మీ అమ్మ పేరేమిటి, వాళ్ళమ్మ పేరేమిటి, ఏ ఊరు, ఏం పని చేసేది?

అడిగినా కొన్ని పేర్లు దొరకవు. అలాంటి చోట గొప్ప వంశమేదో అతికించుకోవద్దు. 'తెలియదు' అని రాసి, ఎందుకు తెలియకుండా పోయిందో దాని కిందే రాద్దాం. ఆ కారణం కూడా చరిత్రే. తెలిసిన పేర్లు మాత్రం ఈ వారమే రాసుకోండి. చెప్పగలిగిన వాళ్ళకు ఎనభై దాటాయి.