ధర్మానికిచ్చిన ఆవు పళ్లు మేం చూస్తాం

పోస్టు కొంచెం పొడుగుంది, చివరిదాకా చదవండి.

ఏర్పేడు చుట్టుపక్కల మన కాలనీ పిల్లోళ్ల కోసమని పాత కంప్యూటర్లు తెచ్చి ఇస్తా ఉంటారు. ఆఫీసులో తీసేసినవి తెస్తారు, బ్యానర్ కడతారు, పిల్లోళ్లను వరసగా నిలబెట్టి ఫోటో తీసుకుంటారు, పోతారు. ఆ తర్వాత మెషిన్ పది నిమిషాలు పని చేసి దానంతట అదే రీస్టార్ట్ అవుతాది. మళ్లీ పది నిమిషాలు, మళ్లీ రీస్టార్ట్. ఫోన్ చేసి అడిగితే ఒకటే జవాబు: "మీ పిల్లోళ్లు ఏదో కెలికుంటారు."

మా గొడవ ఈ మాట మీదే. మూత కూడా విప్పి చూడకుండా తప్పు మనోళ్లదని ఎట్లా తేల్చినారు? మన ఎరుకల తాతల మీద పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన చట్టం 1952లో రద్దయింది. ఆ చూపు మాత్రం ఇంకా రద్దు కాలేదు.

సరే, మనమే విప్పి చూద్దాం. మనకు చెప్పే సాకులు మూడు.

ఒకటి, "విండోస్ పోయింది, కొత్తగా ఎక్కించాల." ముందు బయాస్ స్క్రీన్‌లోకి పోయి అరగంట అట్లే వదిలేయండి. అక్కడ విండోస్ ఉండదు. అక్కడ కూడా రీస్టార్ట్ అయితే విండోస్ ఎన్నిసార్లు ఎక్కించినా డబ్బు దండగే. అక్కడ నిలబడితే, విండోస్‌లో స్టార్టప్ అండ్ రికవరీలో 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' టిక్కు తీసేయండి. అప్పుడు బ్లూ స్క్రీన్ మాయం కాకుండా నిలబడి, ఎర్రర్ కోడ్ చూపిస్తాది. ఏ కోడూ చూపకుండా టక్కున పోతా ఉంటే కరెంటునో, వేడినో అనుమానించాల.

రెండు, "బోర్డు పోయింది, కొత్తది వెయ్యాల." బోర్డు మాట చివర్లో. ప్లగ్ పీకేసి మూత తీయండి. ముందర ఉండే రీసెట్ బటన్ ఇరుక్కున్నా ఇదే జబ్బు వస్తాది. బోర్డు నుంచి దాని వైరు పీకి చూడండి, పైసా ఖర్చు లేదు. ర్యామ్ తీసి దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో తుడవండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఫ్యాన్‌లో దుమ్ము ఊడ్చండి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు మార్చండి. మన ఎండల్లో దుమ్ము పట్టిన ఫ్యాన్ ఏం చల్లబరుస్తాది? బోర్డు మీద కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందేమో చూడండి.

తర్వాత ఎస్ఎంపీఎస్. ఏండ్ల తరబడి వేడికి లోపలి కెపాసిటర్లు నీరసపడతాయి. ఊరికే ఉన్నంతసేపు బాగుంటాది, వీడియో పెట్టి లోడు పెరిగితే వోల్టేజీ పడిపోయి మెషిన్ రీస్టార్ట్ అవుతాది. మల్టీమీటర్‌తో పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాల. బాగున్న ఎస్ఎంపీఎస్ ఒకటి అడిగి తెచ్చి మార్చి చూస్తే ఇంకా గట్టిగా తేలిపోతాది. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పొద్దు, ప్లగ్ పీకినా లోపల ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

మూడు, "మీ ఊర్లో కరెంటు బాగుండదు." ఇది కొంత నిజమే. మరి తెలిసే, యూపీఎస్ లేకుండా ఎందుకిచ్చినారు? బ్యాటరీ చచ్చిన యూపీఎస్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. లైటు ఒక్కసారి మినుక్కుమంటే చాలు, మెషిన్ మొదటికొస్తాది.

"ధర్మానికిచ్చిన ఆవు పళ్లు లెక్కబెడతారా, రేపు ఎవరూ ఏమీ ఇవ్వరు" అని మనోళ్లే కొందరంటారు. అన్నా, ఆ ఆవు పాలివ్వకపోయినా మేత మనమే వేయాల. రిపేరు ఖర్చు మనది, తిరుపతికి మోసుకుపోయే ఆటో బాడుగ మనది, చివరికి ఆ ఇనుప చెత్త కూడా మన గుమ్మం ముందరే. పెద్ద సంస్థలు తమ ఎలక్ట్రానిక్ చెత్తను రిజిస్టర్ అయినవాళ్లకే అప్పజెప్పాలని 2022 నాటి ఈ-వేస్ట్ రూల్స్ చెబుతా ఉన్నాయి. మన కాలనీని ఆ లిస్టులో ఎవరు చేర్చినారు?

మన మండలంలోనే ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది. ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. జేఈఈ మెయిన్ 3 గంటలు కంప్యూటర్ మీదే రాయాల. పది నిమిషాలకోసారి ఆగిపోయే మెషిన్ మీద మన చెల్లెలు 3 గంటల మాక్ టెస్ట్ ఎట్లా రాస్తాది? స్కాలర్‌షిప్ ఫారం సగంలో పోతే ఆఖరి తేదీ మన కోసం ఆగుతాదా?

అందుకే మనం అడగాల్సింది ఇదీ. తెచ్చినోళ్లు మన ముందరే మెషిన్‌ను 3 గంటలు నడిపి చూపించాల. ఆ తర్వాతే ఫోటో. బ్యాటరీ బాగున్న యూపీఎస్, సరైన ఎర్తింగ్ దాంతోపాటే రావాల. ఆరు నెలల్లో చెడిపోతే వాళ్లే బాగు చేయించాల, లేదా వెనక్కి తీసుకుపోవాల. ఇంకోమాట, మనకు 2013 నుంచి సబ్‌ప్లాన్ చట్టం ఉంది. మన పేరు మీద పెట్టే డబ్బులోంచి కొత్త కంప్యూటర్ అడిగే హక్కు ఉన్నోళ్లం, వాళ్లు పారేసేదాని కోసం దండం పెట్టాల్సిన పని లేదు.

ప్రతి కాలనీలో ఇద్దరు పిల్లోళ్లు, అందులో ఒకరు ఆడపిల్ల, పైన చెప్పిన పని నేర్చుకోవాల. స్క్రూడ్రైవర్, మల్టీమీటర్, పెన్‌డ్రైవ్ చాలు. జబ్బేందో మనకు తెలిసిన రోజు "మీరే చెడగొట్టినారు" అనేదానికి ఎవరికీ నోరు రాదు.

మీ కాలనీలో ఇట్లాంటి మెషిన్ ఉంటే, ఏం చేస్తే ఎప్పుడు రీస్టార్ట్ అవుతా ఉందో కింద రాయండి. కలిసి చూద్దాం.