అనుమానానికి వున్న విలువ మనిషికి లేదా?

“తప్పు చేయనివాడికి పోలీసులంటే భయమెందుకు?” అని అడిగే పెద్దమనుషులకు మన ఊళ్లలో కొదవ లేదు. వారిలో చదువుకున్నవారూ వున్నారు, చదువు చెప్పేవారూ వున్నారు. ఇంత నిబ్బరంగా అడగాలంటే మనిషికి కొంత ఆసరా వుండాలి: సొంత ఇల్లు, కబురు పెడితే పలికే వకీలు, జామీను నిలబడగల ఇద్దరు బంధువులు. ఇవేవీ లేనివాడి నోట ఈ ప్రశ్న రాదు. తప్పు చేశాడో లేదో తేలకముందే శిక్ష పడుతుందని అతనికి అనుభవం మీద తెలుసు.

వారంటు లేకుండా మనిషిని పట్టుకునే అధికారం 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 54వ సెక్షను. 1973 కోడులో అది 41 అయింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అదే 35. తెల్లదొర పోయాడు, నంబరు మారింది, పేరు సంస్కృతంలోకి వచ్చింది. “సహేతుకమైన అనుమానం” అన్న మాట మాత్రం చెక్కు చెదరలేదు.

ఇక్కడ ఒక వింత గమనించాలి. పోలీసు అధికారి ముందు ముద్దాయి నేరం ఒప్పుకున్నా అది సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది. ఇప్పటి చట్టమూ అదే చెబుతున్నది. కారణం దాచేది కాదు. శిస్తు రాబట్టడానికీ, నేరం ఒప్పించడానికీ మద్రాసు రాజధానిలో ప్రజలను చిత్రహింసలు పెడుతున్నారని 1855లో కుంఫిణీవారి విచారణ సంఘమే రాసింది. మన కృష్ణా ప్రాంతం అప్పుడు ఆ రాజధానిలోదే. అంటే, పోలీసు స్టేషనులో పుట్టిన మాటను చట్టం నమ్మదు. కాని అదే స్టేషనులో పుట్టిన అనుమానాన్ని నమ్మి మనిషి శరీరాన్ని అప్పగిస్తుంది! మాటకున్న రక్షణ మనిషికి లేకపోవడం ఏమి న్యాయం?

రక్షణ లేకేం, రాజ్యాంగం 22వ అధికరణం వున్నది కదా, అరెస్టయినవాణ్ణి 24 గంటలలో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి కదా అంటారు. నిజమే. కాని ఆ గడియారానికి కీ ఇచ్చేది ఎవరు? తిరువూరు ప్రాంతంలో ఏ తండాలో, ఏ పల్లెలో అడిగినా “అరెస్టు” అన్న మాటకంటె ముందు “కూర్చోబెట్టారు” అన్న మాట వినబడుతుంది. పిలిపించారు, కూర్చోబెట్టారు, రేపు రమ్మన్నారు. కూర్చోబెట్టిన కాలం ఏ డైరీకీ ఎక్కదు. కాగితం మీద అరెస్టు రాసినప్పుడే 24 గంటలు మొదలవుతాయి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు పత్రం రాసి సాక్షి సంతకం తీసుకోవాలని శాసించింది అందుకే. రాయని అరెస్టుకు సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

పైగా అదే 22వ అధికరణం రెండో చేత్తో ముందస్తు నిర్బంధాన్ని అనుమతించింది. 1950 జనవరి 26న రాజ్యాంగం వచ్చింది. ఫిబ్రవరిలోనే ముందస్తు నిర్బంధ చట్టం వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో బందీగా వున్న ఏ.కె. గోపాలన్ దాన్ని సవాలు చేస్తే, ఆ సంవత్సరమే సుప్రీంకోర్టు చట్టాన్ని చాలావరకు నిలబెట్టింది. కృష్ణా జిల్లా కమ్యూనిస్టులను జైళ్లలో కుక్కిన రోజులవి. ఆ చట్టం పోయింది, దాని పిల్లలు మిగిలాయి. 1986 నాటి పి.డి. చట్టం కింద నాటుసారా కాసేవాణ్ణి కూడా విచారణ లేకుండా ఏడాది దాకా నిర్బంధించవచ్చు. 2014లో రాష్ట్రం రెండయినా ఈ చట్టం సరిహద్దుకు అటూ ఇటూ నిలిచింది. తెలంగాణలో దాన్ని ఇష్టం వచ్చినట్టు వాడుతున్నారని 2022, 2023లలో సుప్రీంకోర్టే మందలించవలసి వచ్చింది.

పోలీసులకు ఇంత అధికారం లేకపోతే నేరస్థులు తప్పించుకోరా అన్నది వారి చివరి వాదం. మన పక్క సంగతే చూద్దాం. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నంలో ఒక విద్యార్థిని హత్యకు గురయింది. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతపు పేద దళిత యువకుణ్ణి పట్టుకుని ఇతడే హంతకుడన్నారు. కాదని మృతురాలి తల్లిదండ్రులే అన్నారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని తేల్చి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మన్నది. తీర్పుకు ముందు రెండేళ్లు, మొత్తం ఎనిమిదేళ్లకు పైగా జైలు! ఈ అధికారం ఆ తల్లిదండ్రులకు న్యాయం తెచ్చిందా? నేరస్థుణ్ణి పట్టిందా?

ఇది ఒక్కడి దురదృష్టం కాదు. 2022 చివరికి దేశపు జైళ్లలో 5,73,220 మంది వుంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురి నేరం రుజువు కాలేదన్నమాట. ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాలలో అరెస్టు అవసరమెందుకో కాగితం మీద రాయాలి, లేకపోతే నోటీసు ఇచ్చి పిలవాలి. మేజిస్ట్రేటు కళ్లు మూసుకుని రిమాండు రాయకూడదు. ఇది 2014లో అర్నేశ్ కుమార్ కేసులో చెప్పినదే. కొత్త సంహిత ఈ నియమాన్ని వుంచింది. కాని మరో చోట తాడు వదులు చేసింది. పూర్వం పదిహేను రోజుల పోలీసు కస్టడీ రిమాండు మొదటి పదిహేను రోజులలోనే ముగియాలి. ఇప్పుడు, నేరాన్ని బట్టి, మొదటి 40 లేక 60 రోజులలో విడతలుగా అడగవచ్చు. అంతవరకు బెయిలుకు అడ్డం చెప్పడానికి ఒక సాకు దొరికింది.

బెయిలు వచ్చినా జామీను ఏది? 1978లో మోతీరాం అనే తాపీ మేస్త్రీకి సుప్రీంకోర్టే బెయిలిస్తే, కింది మేజిస్ట్రేటు పదివేలు జామీను అడిగాడు; సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో వున్నదని తోసేశాడు. అది తప్పని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. తిరువూరు కూలివాడికి బావ పెనుబల్లిలో వుంటాడు, మేనమామ మధిరలో వుంటాడు. బంధుత్వానికి లేని సరిహద్దు జామీనుకు ఎందుకు వుండాలి?

కాబట్టి మన కోర్కెలు స్పష్టంగా వుండాలి. స్టేషను గడప దాటిన నిమిషం నుంచే 24 గంటలు లెక్కించాలి. అరెస్టు కారణాలు తెలుగులో రాసి చేతికివ్వాలి. అరెస్టయినవాడికి తెలిసిన భాషలోనే ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తి లేనివాణ్ణి సొంత పూచీ మీద వదలాలి. ముందస్తు నిర్బంధ చట్టాలు రద్దు కావాలి.

ఇవి అడగడానికి శాసనసభ దాకా పోనక్కర లేదు. అరెస్టయినవారి పేర్లు, నేరం ప్రతి స్టేషనులో కనబడేటట్టు పెట్టాలని సంహిత 37వ సెక్షను అంటున్నది. విద్యార్థి మిత్రులు వెళ్లి ఆ బోర్డు వున్నదో లేదో చూడాలి. వుంటే పేర్లు రాసుకోవాలి, లేకపోతే ఎందుకు లేదో రాతమూలకంగా అడగాలి. ఉపాధ్యాయులు ఆ సెక్షన్లను తండాలో నలుగురికి చదివి వినిపించాలి. “కూర్చోబెట్టారు” అని కబురు వచ్చిన గంటలో పదిమంది స్టేషనుకు వెళ్లి, ఏ సెక్షను కింద, ఎన్ని గంటలనుంచి అని అడగడం నేర్చుకుంటే, రాయని అరెస్టుకు ఆ పదిమందే సాక్షులవుతారు.